పక్క దవాఖాన

మీలో హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేసేవాళ్లుంటే సాయమ్మను చూసే ఉంటారు. చూశాం అని మాత్రం అనకండి. ఆడవాళ్ల లైన్లో నిలబడి, బ్యాగు జిప్పు లాగి ముందుకు తోసి, ఫోనులోంచి తల ఎత్తకుండా లోపలికి వెళ్లిపోయే మీకు, ఆ బ్యాగులో చెయ్యి పెట్టిన మనిషి ముఖం ఏం గుర్తుంటుంది? బూడిదరంగు చొక్కా, నల్ల ప్యాంటు, నెత్తిన టోపీ, చేతిలో వాకీటాకీ. అంతే కదా మీకు తెలిసింది. ఆ చొక్కా భుజాలు సరిచేసింది నేను. కాంట్రాక్టు వాళ్లు ఇచ్చే చొక్కాలన్నీ మగవాళ్ల కొలతలే. ఆడవాళ్లు వేసుకుంటే దిష్టిబొమ్మకు తొడిగినట్టు వేలాడతాయి. బోరబండలో నేను కుట్టుమిషను పెట్టుకుని ఉంటాను కాబట్టి, ఆ చుట్టుపక్కల సెక్యూరిటీ పనికి వెళ్లే ఆడవాళ్ల చొక్కాలన్నీ నా దగ్గరికే వస్తాయి.

నా పేరు జయలక్ష్మి. మాది తణుకు దగ్గర. వచ్చి ఎన్నేళ్లయినా నా నోట్లో 'అండీ' పోలేదని సాయమ్మ ఎగతాళి చేస్తుంది. ఆమెది వికారాబాద్ వైపు. పెళ్లయిన కొత్తలోనే మొగుడు పెంటయ్యతో ఇక్కడికొచ్చి, ఇప్పుడు మీరు ఏసీలో కూర్చుంటున్న బిల్డింగులకు ఇటుకలు మోసింది. పెంటయ్య కామెర్లతో పోయాడు. ఒక్కగానొక్క కూతురు ప్రవళికను డిగ్రీ దాకా చదివించింది. కిందటేడు ఆ పిల్లకు ఉద్యోగం వచ్చింది. తల్లి గేటు దగ్గర కాపలా కాసే క్యాంపసులోనే, ఒక కంపెనీలో బిల్లులు కంప్యూటర్లోకి ఎక్కించే పని. ఆ రోజు సాయమ్మ మేడంతా తిరిగి దూద్‌పేడా పంచింది.

మా మేడ మీద మా గదీ వాళ్ల గదీ పక్కపక్కనే. మధ్యలో గోడ ఒక్క ఇటుక మందం. గోడకు చెవులుంటాయంటారు గానీ, మా గోడకు నోరు కూడా ఉంది. అవతల పోపు వేస్తే ఇవతల నేను తుమ్ముతాను. ప్రవళిక ఇంకా కాలేజీకి వెళ్లే రోజుల్లో ఒక మధ్యాహ్నం, సాయమ్మకు వారపు సెలవు రోజు, నేను మిషను ఆపి దారం ఎక్కిస్తున్నాను. అవతలనుంచి సాయమ్మ గొంతు వినబడింది.

"జర ఊకుంటవా? బిడ్డ వచ్చే యాళ్లయితుంది. గిట్ల మీద మీద పడితె నేనేం చెయ్యాలె?"

నాకు ఒళ్లు మండింది. ఎదిగిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో పట్టపగలు ఇదేం పని అనుకున్నాను. మా ఆయన ఉంటే 'నీకెందుకే' అనేవాడే, ఆయన లారీ మీద విజయవాడ వెళ్లాడు. కుట్టిన చొక్కా ఒకటి వంకగా పట్టుకుని తలుపు తట్టి, తియ్యకముందే తోసుకుని లోపలికి వెళ్లాను. సాయమ్మ కింద కూర్చుని అన్నం కలుపుకుంటోంది. ఎదురుగా ఎవరూ లేరు. నేను ఊరుకుంటానా? తలుపు వెనక చూశాను. బాత్రూంలోకి తొంగి చూశాను.

"ఎవర్ని దేవులాడ్తున్నవక్కా?" అంది సాయమ్మ.

"ఎవరితోనో మాట్లాడుతున్నావు కదా. ఫోనా?" అన్నాను. అని నాలిక కొరుక్కున్నాను. ఆమె ఫోను పొద్దున్నే చార్జింగుకని తెచ్చి మా గదిలో పెట్టింది.

ఆమె ముఖం మాడిపోయింది. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా వైపు చూడకుండా గోడవైపు తిరిగి చెప్పింది.

"మొగోని గొంతు అక్కా. చెవులల్ల. ఎవ్వరు లేరు గని, ఉంటడు."

చచ్చిపోయిన పెంటయ్య గొంతయినా బాగుండేదట. మొగుడు తలుచుకుంటున్నాడని అనుకునేది. వీడెవడో ముక్కూ మొహం తెలియదు. పొద్దున లేచింది మొదలు పక్కనే ఉన్నట్టు మాట్లాడతాడు. 'అదిగో, చూస్తున్నారు నిన్ను' అంటాడు. 'వాళ్ల బ్యాగులు నువ్వు చూస్తావు, నీ తలకాయలో ఏముందో వాళ్లు చూస్తే?' అంటాడు. స్నానం చేసేటప్పుడు కూడా పోడట. అందుకని సాయమ్మ వాడి మాట వినబడకుండా నల్లా పూర్తిగా తిప్పి, బకెట్ పొర్లిపోతున్నా కట్టకుండా, ఒంటి మీద బట్ట ఉండగానే నీళ్లు పోసుకుని వచ్చేస్తుంది. నీళ్ల దుబారా అని ఇంటావిడ తిట్టేది ఇందుకా అని అప్పుడు తెలిసింది నాకు. ముండమోసిన ఆడది పరాయి మగవాడి గొంతు పగలూ రాత్రీ వెంటబెట్టుకుని తిరుగుతోందంటే లోకం ఏమంటుంది? జబ్బు కన్నా ముందు ఆ సిగ్గే ఆమెను తినేసింది.

"ఇంగొక్క మాట జెప్పాల్నా?" అంది. "వాడు మీ దిక్కు మాట మాట్లాడ్తడు. గా బిల్డింగు కాడ ఇంజనీర్ల లెక్క."

"మా వైపు మాటా?" అన్నాను. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేక నవ్వాను. ఆమె కూడా కొంచెం నవ్వి, వెంటనే తల దించుకుని కంచం పక్కకు జరిపింది. ఆ పూట ఇంక తినలేదు.

నేనే పట్టుకెళ్లాను ఎర్రగడ్డకు. ఈ ఊళ్లో ఆ పేరు ఎంత తేలిగ్గా నోట్లోంచి వస్తుందో మీకు తెలుసు. ఎవడైనా కాస్త తిక్కగా మాట్లాడితే 'ఏంరో, ఎర్రగడ్డకు పోతవా' అంటారు. మనసు జబ్బుల ఆస్పత్రి అక్కడుండడం ఆ పేటకు చేటయింది. మా బోరబండనుంచి ఎంత దూరమని, కూరగాయల సంచీ పట్టుకుని వెళ్లి వచ్చేయొచ్చు. ఆ కాస్త దూరం దాటడానికి సాయమ్మకు ఏళ్లు పట్టింది. అంతకుముందు తాయెత్తులయ్యాయి, కోడిని తిప్పి పారెయ్యడమయింది, వాడు మాత్రం ఎక్కడికీ పోలేదు.

డాక్టరమ్మ మంచిది. కసురుకోలేదు. గోలీలు రాసింది, ఏ పూటా మానవద్దంది. "వాడు పిలిచినప్పుడల్లా పలక్కు సాయమ్మా. పనిలో ఉన్నాను, సాయంత్రం మాట్లాడదాం అని చెప్పు. చాలామందికి అలా చెప్పుకుంటే పని సాగుతుంది" అంది.

బయటికొచ్చాక సాయమ్మ గేటు దగ్గరే నిలబడిపోయింది. "ఏందక్కా గామె? పరాయి మొగోన్ని సాయంత్రం రమ్మని చెప్పాల్నా? నేను గసుంటి దాన్నా?"

"చెప్పవే తల్లీ. వాడేమన్నా నిజంగా వస్తాడా, టిఫిన్ పెట్టాలా?" అన్నాను.

గోలీలు పడ్డాక వాడి నోరు తగ్గింది. పూర్తిగా పోలేదు. రోజంతా వాగేవాడు అప్పుడప్పుడూ వాగే స్థితికి వచ్చాడు. గోలీల అట్ట ఖాళీ ఇంగువ డబ్బాలో పెట్టి, ప్రవళిక చెయ్యి పెట్టని చోట, పై అరలో దాచేది. పనికి వెళ్లే రైల్లో వాడు మొదలుపెడితే జవాబు చెప్పకుండా ఉండలేదు కదా, దానికి ఉపాయం ఆమే కనిపెట్టింది. చెవుల్లో ఫోను వైరు పెట్టుకునేది. వైరు రెండో కొస దేనికీ తగిలించదు. "హైటెక్ సిటీల అందరు గాలితోనే మాట్లాడ్తరక్కా. నేను మాట్లాడితె ఎవడు జూస్తడు?" అంది. ఆ కొస బయటికి జారి కనబడకుండా చొక్కా లోపలివైపు నేను చిన్న జేబు కుట్టిచ్చాను.

గేటు దగ్గర డ్యూటీలో మాత్రం ఫోనూ వైరూ పనికిరావు. అక్కడ వాకీటాకీయే దిక్కు. పక్కనున్న మీట నొక్కి మాట్లాడితేనే అవతలివాళ్లకు వినబడుతుంది. సాయమ్మ మీట నొక్కకుండా దాన్ని నోటి దగ్గర పెట్టుకుని వాడికి చెప్పాల్సింది చెప్పుకునేది. చూసేవాళ్లు కంట్రోల్ రూంతో మాట్లాడుతోందనుకునేవాళ్లు. ఇలా నెట్టుకొస్తోంది. ఆమెకు ఒకటే భయం, ప్రవళికకు తెలియకూడదు. ఆ పిల్ల ఉద్యోగానికి వచ్చే గేటు కూడా అదే. లైన్లో కూతురొస్తే సాయమ్మ ముక్కూ మొహం తెలియనట్టు బ్యాగు చూసి పంపించేది. డ్యూటీలో చుట్టరికం చూపించొద్దని రూలుందని చెప్పింది. అలాంటి రూలు ఎక్కడా లేదు.

"రేపు నా సంగతి బయటపడితె పిచ్చిదాని బిడ్డ అని అంటరు దాన్ని. ఎర్రగడ్డామె బిడ్డ అంటరు. గా మాట దాని చెవుల వడ్డనాడు నేను బతకనక్కా" అంది నాతో. ఆ గొంతులో వేళాకోళం లేదు.

ఒక సోమవారం పొద్దున, లైను రోడ్డు దాకా ఉంది. వాడు తెల్లారకముందునుంచే వదలడం లేదట. 'నీ కూతురు వస్తోంది, దాచుకో, దాచుకో' అని ఒకటే పాట. అదే సమయానికి కంట్రోల్ రూంనుంచి సూపర్‌వైజర్ తిమ్మప్ప వాకీటాకీలో, "లేడీస్ గేట్, లైన్ ఎందుకాగింది, చెప్పు" అన్నాడు. సాయమ్మ జవాబివ్వడానికి మీట నొక్కింది. నొక్కి, నోరు తెరిచింది. తెరిచిన నోట్లోంచి తిమ్మప్పకు చెప్పాల్సింది రాలేదు.

"నోర్మూస్కో బాడ్కావ్. పొద్దుగాల్నుంచి సతాయిస్తున్నవ్. సాయంత్రం రమ్మన్న గదా, గప్పుడు రా."

క్యాంపసులో ఎన్ని గేట్లున్నాయో అన్ని గేట్లలోనూ, పార్కింగులోనూ, మేడ మీదా, ప్రతి గార్డు నడుముకూ వేలాడే డబ్బాలోంచి ఆ మాట వచ్చింది. ఎవడో మీట నొక్కి మరీ నవ్వాడట. లైన్లో నిలబడ్డ అమ్మాయిలు మొదటిసారి ఫోనుల్లోంచి తలలెత్తి ఆమెను చూశారు. వాళ్లలో ప్రవళిక లేదు. అదొక్కటే దేవుడు తనకు చేసిన మేలు అని సాయమ్మ చెప్పింది.

తిమ్మప్ప పిలిపించాడు. నారాయణపేట మనిషి, చెడ్డవాడు కాదు. కాని పదిమంది ముందు తిట్టు తిన్నవాడికి కోపం రాదా? "ఎవర్ని సాయంత్రం రమ్మన్నవమ్మా? నన్నా?" అన్నాడు.

ఏమని చెబుతుంది? మగవాడున్నాడంటే ఒక సిగ్గు. లేడంటే ఇంకో సిగ్గు. మింగలేక కక్కలేక, "గోలీలు వాడుతున్న సార్. తల తిరుగుతుంది, ఏం మాట్లాడ్తున్ననో నాకే సమజయితలేదు" అంది.

"ఏం గోలీలు?"

"దవాఖానవి."

"ఏ దవాఖాన?"

"ఎర్రగడ్డ" అనేసింది. అలవాటయిన పేరు, నోరు జారింది. తిమ్మప్ప వెనక్కి వాలిన వాడల్లా నిటారుగా కూర్చున్నాడు. ఆ చూపు సాయమ్మ చూసింది.

"ఛాతీ దవాఖాన సార్" అంది గబుక్కున. "గా పక్క దవాఖాన."

ఎర్రగడ్డలో రెండు పెద్దాసుపత్రులున్నాయి. ఒకటి మనసుకి, ఒకటి ఊపిరితిత్తులకి. రెండింటికీ ఒకే దారి. ఒకదానికి పోతే పిచ్చి, రెండోదానికి పోతే టీబీ, జనం లెక్క అంతే. మన సాయమ్మ ఒక గేటులోంచి బయటికొచ్చి రెండో గేటులో దూరి తలుపేసుకుంది. తిమ్మప్ప జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు పెట్టుకుని, కుర్చీ వెనక్కి జరిపి, "ముందుగాల్నే చెప్పొద్దా అమ్మా" అన్నాడు జాలిగా. మర్నాటినుంచి ఆమెను కింద పార్కింగులో వేశాడు. ఆడపిల్లల దగ్గరగా నిలబడే పని ఇప్పుడు ఆమెకు తగదన్నాడు.

ఆ సాయంత్రం వచ్చి నా మిషను పక్కన కూర్చుని ఇదంతా చెప్పి, "పీడ వోయింది" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కొరివితో తల గోక్కున్నావే. లేని టీబీ నెత్తినేసుకుంటావా?"

"టీబీ మంచిదక్కా. టీబీ అంటె అయ్యో అంటరు. మందు తింటె పోతది అంటరు. గిదంటె నవ్వుతరు." కొంచెం ఆగి, "నువ్వు గూడ నవ్వినవ్ గదా" అంది.

కత్తెర చేతిలో ఉంది. దేన్ని కత్తిరించాలో మరిచిపోయాను.

లోకులు పలుగాకులు. మధ్యాహ్నం తినేచోట మిగతా ఆడగార్డులు డబ్బాలు తీసుకుని వేరే మూలకు పోయారు. ఆమె గ్లాసు మీద సున్నంతో గీత పెట్టారు. పార్కింగు ఇంకో నరకం. గేటు దగ్గర నలుగురి రొదలో వాడి గొంతు కలిసిపోయేది. ఇక్కడ కార్ల చప్పుడు గోడలకు కొట్టుకుని తిరిగొస్తుంటే, ఆ మోతలోంచే వాడు పుట్టుకొచ్చేవాడు. 'ఇప్పుడు అందరికీ దూరంగా ఉన్నావు, మనమిద్దరమే' అన్నాడట ఒకరోజు. చెబుతున్నప్పుడు ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. పెనం మీంచి పొయ్యిలో పడడమంటే ఇదే.

టీబీ కబురు ప్రవళికకు చేరడానికి ఎంతసేపు? గేటు దగ్గరి ఆడగార్డే బ్యాగు చూస్తూ, "మీ అమ్మ పానం ఎట్లుంది, టీబీ అంటున్నరు" అని అడిగిందట. ఆ పిల్ల ఇంటికొచ్చి తల్లిని ఒక్క మాట అడగలేదు. మర్నాటినుంచి పొద్దున్నే గుడ్డు ఉడకబెట్టి తల్లి కంచంలో పెట్టడం మొదలుపెట్టింది. రాత్రి పాలు. సాయమ్మ ఆ గుడ్డు తింటుంటే మట్టి తిన్నట్టుండేదట. లేని రోగానికి కూతురి జీతంలో గుడ్లు తింటున్నానే అని.

తర్వాత కొన్నాళ్లకు ఆ పిల్ల తీరు మారింది. తల్లి పక్కన పడుకోవడం మానేసి, గుమ్మం దగ్గర చాప వేసుకుని, ముఖానికి చున్నీ చుట్టుకుని పడుకునేది. తన కంచం, తన గ్లాసు వేరే పెట్టుకుని వేరే కడుక్కునేది. తల్లి కలిపిన అన్నం ముద్ద పెట్టబోతే వద్దంది. చిన్నప్పటినుంచీ తల్లి చేతి ముద్ద లేకుండా ఆ పిల్ల ఆదివారం తినదు.

"రోత పుట్టింది దానికి" అంది సాయమ్మ నా దగ్గరికొచ్చి. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. "వాడు గూడ గదే అంటుండు. కన్నకూతురికే రోతగా ఉన్నావు అంటుండు."

"పోయి నిజం చెప్పు సాయమ్మా. టీబీ లేదని చెప్పు."

"మరి ఏమున్నదని చెప్పాలె?"

"నేను చెబుతాను."

"చెప్పినవంటె నీ మిషను మీద ఒట్టు" అంది. నా బతుకు మీద ఒట్టేసినా లెక్కచెయ్యను గానీ, మిషను మీద వేస్తే ఏం చెయ్యను? ప్రవళిక మెట్ల మీద ఎదురైనప్పుడల్లా తేలు కుట్టిన దొంగలా పక్కకు తప్పుకునేదాన్ని. ఆ పిల్ల కూడా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి దిగిపోయేది. పొగరెక్కిందనుకున్నాను. నాకు తెలివెక్కడుంది?

మందులు తెచ్చుకునే రోజు వచ్చింది. సాయమ్మతో నేనూ వెళ్లాను. డాక్టరమ్మ అన్నీ విని, "పార్కింగులో నీకు ఇబ్బందిగా ఉందని మీ వాళ్లకు చెప్పావా?" అని అడిగింది. సాయమ్మ నా వైపు చూసింది. నేను పైకప్పు చూశాను. డాక్టరమ్మ నిట్టూర్చి గోలీలు కొంచెం పెంచింది.

బస్సుకని నడుస్తున్నాం. సాయమ్మ చెవుల్లో వైరు పెట్టుకుని, కొస నేను కుట్టిన జేబులో దోపుకుని, "సాయంత్రం అన్న గదా" అని గొణుగుతూ వస్తోంది. దారిలో ఛాతీ ఆస్పత్రి గేటు దాటాలి. గేటు లోపల, చెట్టు కింద బల్ల మీద మాస్కులు పెట్టుకుని జనం కూర్చున్నారు. సాయమ్మ నా మోచెయ్యి పట్టుకుని ఆగింది.

"అక్కా, మా ప్రవళిక."

ఆఫీసు బట్టల్లోనే ఉంది పిల్ల. మెళ్లో వేసుకునే కంపెనీ కార్డు తాడుతో సహా పిడికిట్లో ముడుచుకుని పట్టుకుంది. ముఖానికి చున్నీ. సాయమ్మ గబగబా కొబ్బరిబొండాల బండి వెనక్కి వెళ్లి నన్ను కూడా లాగింది.

"నా గురించి అడగనీకె వచ్చింది. లోపల నా పేరు చెప్పి అడుగుతది, గసుంటి మనిషే లేదంటరు. ఇగ అయిపోయింది. పా అక్కా, అటునుంచి పోదాం."

నేను కదల్లేదు. ఆ పిల్ల రెండో చేతిలో మూతపెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంది. మా ఆయనకు దగ్గు పట్టినప్పుడు అలాంటి డబ్బా నేనూ పట్టుకుని నిలబడ్డాను.

"అది తెమడ పరీక్ష డబ్బా సాయమ్మా" అన్నాను. "నీ కోసం రాలేదు ఆ పిల్ల. తన కోసం వచ్చింది."

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. వేరే కంచం, గుమ్మం దగ్గర చాప, చున్నీ. తల్లికి ఉన్న రోగం తనకు అంటుకుందనుకుని ఆ పిల్ల అన్నీ వేరు చేసుకుంది. సాయమ్మ నోరు కదులుతోంది, వాడేదో అంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. ఒక్కసారిగా చెవుల్లోంచి వైరు పీకి నా చేతిలో పెట్టి గేటులోకి నడిచింది. నేను వెనకాలే వెళ్లాను.

ప్రవళిక తల్లిని చూసి లేచి నిలబడి, డబ్బా వెనక దాచుకుంది. "దగ్గర రాకు అమ్మా" అంది. "దగ్గొస్తుంది వారం సంది. నీకు చెప్తె నీ వల్లనే వచ్చిందని ఏడుస్తవని చెప్పలె. ఆఫీసుల తెలిస్తె రావొద్దంటరు. ఎవ్వరికి చెప్పాలె నేను?"

బల్ల మీది వాళ్లందరూ చూస్తున్నారు. సాయమ్మ తల వంచుకుంది. ఎంత వంచిందంటే, నేను కుట్టిన కాలరు వెనక మెడ ఎముక కనబడింది.

"నాకు టీబీ లేదు బిడ్డా. ఎన్నడు లేదు. అబద్ధం జెప్పిన." "నాది గీ దవాఖాన కాదు. గా పక్కది."

ప్రవళిక గేటు అవతలికి, మేం వచ్చిన దారివైపు చూసింది. మళ్లీ తల్లి వైపు చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. నేను చూశాను. సాయమ్మా చూసింది. ఇన్నాళ్లూ ఆమె భయపడింది ఆ ఒక్క అడుగుకే.

అయినా సాయమ్మ ఆగకుండా అంతా చెప్పేసింది. గొంతు సంగతి, మగవాడి సంగతి, నల్లా సంగతి, ఇంగువ డబ్బా, వైరు. పరాయి మనుషులు వింటున్నారని కూడా చూడలేదు. ఒక ముసలాయన దగ్గుతూ కూడా చెవి ఇటే పెట్టాడు.

"నేను భయంతోని సచ్చిపోతున్న ఇన్ని దినాల సంది" అంది ప్రవళిక. ఆ పిల్లకు కోపం వచ్చింది, రావాలి కూడా. "లేని టీబీకి గుడ్లు తిన్నవ్. ఉన్నదేమో నాకు జెప్పలె. జయ ఆంటీకి జెప్పినవ్, నాకు జెప్పలె."

నేను చేతిలోని వైరు చుట్ట చుడుతూ నిలబడ్డాను. సాయమ్మ పెదాలు మళ్లీ కదిలాయి, వెంటనే చేత్తో నోరు మూసుకుంది. కూతురి ఎదురుగా ఆ పని చెయ్యడం అదే మొదటిసారి.

ప్రవళిక ఆ చేతివైపే చూస్తూ ఉండిపోయింది. చున్నీ కిందికి లాక్కుంది. వెనక్కి వేసిన అడుగు ముందుకు వేసి, తల్లి మణికట్టు పట్టుకుని నోటిమీంచి చెయ్యి తీసింది.

"ఇప్పుడు గూడ మాట్లాడ్తుండా?" అని అడిగింది.

"ఊఁ."

"ఏమంటుండు?"

సాయమ్మ కళ్లు కిందికే ఉన్నాయి. "నీ కూతురు నిన్ను చూసి సిగ్గుపడుతోంది అంటుండు" అంది చివరికి.

ప్రవళిక కళ్లు తుడుచుకుంది. కాస్త ఆలోచించింది కూడా, అబద్ధం చెప్పను.

"లేదని చెప్పు" అంది.

సాయమ్మ తల ఎత్తింది. చెవుల్లో వైరు లేదు, చేతిలో వాకీటాకీ లేదు, చుట్టూ జనం చూస్తున్నారు.

"లేదంటుంది నా బిడ్డ" అని, అందరూ వినేలా, వాడికి చెప్పింది.